బ్రిస్టల్ ఎఫ్.2బీ ఫైటర్: 1/8 స్కేలు ఎగిరే నమూనా, ప్రాజెక్టు డైరీ

1వ వారం: కొలతలు

మొదటి ప్రపంచ యుద్ధంలో వాడిన రెండు సీట్ల బ్రిటిష్ యుద్ధవిమానం బ్రిస్టల్ ఫైటర్‌ను పక్క నుంచి చూస్తే మొదట కంటికి ఆనేది ఒంటికీ (ఫ్యూజిలాజ్‌కూ) కింది రెక్కకీ మధ్య ఉన్న ఖాళీ. మామూలు బైప్లేన్‌లో (ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలున్న విమానంలో) ఒళ్లు కింది రెక్క మీద కూర్చుంటుంది. దీనికి అలా కాదు, ఒళ్లు రెండు రెక్కల నడుమ వేలాడుతుంది. పై రెక్కను నాలుగు కాళ్లు, కింది రెక్కను ఇంకో నాలుగు కాళ్లు పట్టుకుంటాయి. 1916లో దీని డిజైనర్ ఫ్రాంక్ బార్న్‌వెల్ ఇలా గీయడానికి గట్టి కారణమే ఉంది. ఒంటిని పైకి లేపితే పైలట్ కళ్లు పై రెక్క మట్టానికి దగ్గరగా వస్తాయి, రెక్కకు పైనా కిందా రెండు వైపులా చూడగలడు. వెనక సీట్లో వీపు ఆనించి కూర్చున్న గన్నర్ పై రెక్క మీదుగా ముందుకు కూడా కాల్చగలడు.

నమూనా కట్టేటప్పుడు అసలు పరీక్ష ఆ ఖాళీ దగ్గరే. రెక్కకు ఆనుకోవడానికి చెక్క గట్టు ఏదీ ఉండదు, మొత్తం ఎనిమిది తీగ కాళ్ల మీదే నిలబడాలి. ఎడమ కాలికీ కుడి కాలికీ మధ్య దూరం 90 మి.మీ. రెక్క కొస మధ్యగీత నుంచి 747 మి.మీ. దూరంలో ఉంది. అంటే ఒక కాలు పొడవు 1 మి.మీ. తప్పితే కొస దగ్గర 8 మి.మీ. పైనే తేడా. అందుకే ఈ డైరీలో సగం ఆ కాళ్ల గురించే ఉంటుంది.

అసలు విమానం రెక్కల విస్తారం 39 అడుగుల 3 అంగుళాలు, పొడవు 25 అడుగుల 10 అంగుళాలు, రెక్కల వైశాల్యం దాదాపు 405 చదరపు అడుగులు. 1/8కి దించితే విస్తారం 1,495 మి.మీ., పొడవు 984 మి.మీ., వైశాల్యం 58.8 చదరపు డెసిమీటర్లు. రెక్క వెడల్పు 210 మి.మీ. పెట్టుకున్నాం, గ్యాప్ (రెండు రెక్కల మధ్య ఎత్తు) 206, స్టాగర్ (కింది రెక్క కంటే పైది ముందుకు ఉన్న దూరం) 54, డైహెడ్రల్ (రెక్కలు కొసల వైపు పైకి లేచే కోణం) 3.5 డిగ్రీలు. అసలు రెక్క సెక్షన్ (అడ్డుకోత ఆకారం) పలచన, అడుగు లోపలికి వంగి ఉంటుంది. ఈ సైజులో దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే స్పార్‌కు, అంటే రెక్క వెన్నుకర్రకు, చోటు చాలదు. అడుగు సాపుగా, మందం 21 మి.మీ. ఉన్న సెక్షన్ వాడుతున్నాం. దూరం నుంచి తేడా తెలియదు.

బరువు లక్ష్యం 2,300 గ్రాములు. అది దాటితే ఈ విమానం అందం పోతుంది. అసలుది 5,000 అడుగుల ఎత్తున గంటకు 198 కి.మీ. వేగంతో వెళ్లేది. 1/8 నమూనా చూపుకు అదే నడకలో కనిపించాలంటే 198ని 8 వర్గమూలంతో భాగించాలి, గంటకు 70 కి.మీ. వస్తుంది. అంతకంటే వేగంగా వెళ్తే బ్రిస్టల్ ఆకారంలో ఉన్న ఇంకేదో విమానంలా ఉంటుంది. బరువు పెరిగితే వేగమూ పెరగక తప్పదు.

2వ వారం: కర్ర ఎంపిక

నమూనాలకు వాడే తేలిక కర్ర బాల్సాను షీటు లెక్కన కాకుండా తూకం లెక్కన ఎంచాలి. 1000×100×2 మి.మీ. షీటు ఒకటి 18 గ్రాములూ తూగుతుంది, ఇంకొకటి 40 గ్రాములూ తూగుతుంది. రెండూ ఒకే కట్టలో వస్తాయి. వంటింటి డిజిటల్ తూకం మీద ఒక్కో షీటు పెట్టి, మూల మీద పెన్సిల్‌తో బరువు రాసుకున్నాం. 22 నుంచి 26 గ్రాములవి రిబ్‌లకు (రెక్క పక్కటెముకలకు), 20 లోపువి తోకకు, 30 దాటినవి ముక్కు వైపు. తోకకు తేలికది ఎందుకంటే, లెక్క ఇలా ఉంది: తోక బ్యాలెన్స్ పాయింటుకు 620 మి.మీ. వెనక ఉంది, సీసం పెట్టగలిగే చోటు 235 మి.మీ. ముందు ఉంది. తోకలో 10 గ్రాములు ఎక్కువైతే ముక్కులో 26 గ్రాముల సీసం పెట్టాలి.

లాంజెరాన్లు, అంటే ఒంటి పొడవునా వెళ్లే కర్రలు, నాలుగూ 5×5 మి.మీ. పైలట్ సీటు వెనక వరకు స్ప్రూస్, అక్కడి నుంచి తోక దాకా గట్టి బాల్సా. రెంటినీ ఏటవాలుగా కోసి అతకాలి, ఏటవాలు పొడవు కర్ర మందానికి 10 రెట్లు, అంటే 50 మి.మీ. అంతకంటే పొట్టిగా కోస్తే ఒళ్లు తోక వైపు వంపు తిరిగేటప్పుడు అతుకు దగ్గరే మడత పడుతుంది.

3–4 వారాలు: ఒళ్లు

ఒంటి రెండు పక్కలూ ప్లాను మీద, ఒకదాని మీద ఒకటి పెట్టి కట్టాలి. మధ్యలో పాలిథీన్ కాగితం వేయకపోతే రెండూ అతుక్కుపోతాయి. విడిగా కడితే ఎంత జాగ్రత్తపడ్డా అర మిల్లీమీటరు తేడా వస్తుంది, ఆ అరే చివరకు ఒంటిని అరటిపండులా వంచుతుంది.

ఫార్మర్లు, అంటే ఒంటికి ఆకారమిచ్చే అడ్డు చట్రాలు, ఆరు. అందులో తీగ కాళ్లు బిగించే రెండు 3 మి.మీ. బర్చ్ ప్లైవుడ్, మిగిలినవి లైట్ ప్లై. ఈ రెండింటి దగ్గర బరువు ఆదా చేయాలనే ఆశ పెట్టుకోకూడదు. లైట్ ప్లైలో తీగ చుట్టూ ఉన్న చెక్క ఒక గట్టి ల్యాండింగ్‌కే నలిగిపోతుంది, బెజ్జం పెద్దదవుతుంది, రెక్క కదలడం మొదలవుతుంది.

మొదటి రకమైన ఎఫ్.2ఏ నుంచి ఎఫ్.2బీకి వచ్చేసరికి ముందు భాగంలో పై లాంజెరాన్లను కిందికి వాల్చారు, పైలట్‌కు ముందు చూపు బాగుండటానికి. చాలా ప్లానుల్లో ఈ వాలు సరిగా ఉండదు, పై గీత తిన్నగా గీసేస్తారు. అది తిన్నగా ఉంటే ముక్కు బరువుగా, మొద్దుగా కనిపిస్తుంది. ఫొటోలతో పోల్చి ప్లానును సరిచేశాకే కర్ర కోశాం.

ఎపాక్సీ గురించి ఒక మాట. ఐదు నిమిషాల ఎపాక్సీ మన ఏప్రిల్ ఎండల్లో రెండు నిమిషాలకే గట్టిపడుతుంది. మూలమట్టం పెట్టి సరిచూసేలోపే చేయి దాటిపోతుంది. ఫార్మర్లకూ కాళ్లకూ ముప్పై నిమిషాలదే వాడాలి. మిగతా బాల్సా అతుకులన్నిటికీ ఫెవికాల్ చాలు. సీఏ జిగురు (సూపర్ గ్లూ) త్వరగా పట్టినా పెళుసు, వణుకుకు వదిలేస్తుంది.

5–6 వారాలు: ఎనిమిది కాళ్లు

18 మి.మీ. ఎండీఎఫ్ పలక, 1000×600. మధ్యలో ఒక గీత, దానికి మూలమట్టంతో రెండు అడ్డగీతలు, పై రెక్క ముందు అంచుకు ఒకటి, కింది రెక్క ముందు అంచుకు ఒకటి. రెంటి మధ్య దూరమే స్టాగర్, 54 మి.మీ. పలక సాపుగా ఉందో లేదో రసమట్టంతో నాలుగు దిక్కులా చూశాకే పని మొదలుపెట్టాలి. బల్ల వంకరగా ఉంటే కాగితం మడతలు పెట్టి మట్టం చేయడం సరిపోతుంది.

తీగ 2.5 మి.మీ. పియానో వైర్. వంచేటప్పుడు మూల పదునుగా రాకూడదు. కనీసం 3 మి.మీ. గుండ్రం ఉండాలి, లేకపోతే వంపు బయటి వైపు కంటికి కనిపించని పగులు వస్తుంది. వైస్ దవడ అంచును ఆకురాయితో గుండ్రం చేసి వంచితే ఆ బాధ లేదు. తీగను వేడి చేసి వంచడం మాత్రం వద్దు, గట్టిదనం పోతుంది.

మొదటి ప్రయత్నంలో పై రెక్క కాళ్లు ఒంటికి బిగించి, అక్కడే టంకం వేశాం. రెండు తప్పులు జరిగాయి. వేడికి ఫార్మర్ పక్క బాల్సా నల్లబడింది. అంతకంటే ముఖ్యం, టంకం చల్లారేటప్పుడు తీగలు దగ్గరికి లాక్కున్నాయి. పై రెక్క మధ్య ముక్క పెట్టి చూస్తే ఎడమ వైపు అర మిల్లీమీటరు కిందికి ఉంది. రెక్క కొస దగ్గర అది 4 మి.మీ. అయింది. రిగ్గింగ్ తీగలతో (రెక్కల మధ్య బిగించే తీగలతో) లాగి సరిచేయొచ్చు అనిపిస్తుంది కానీ, అలా చేస్తే రెక్క ఎప్పుడూ ఒక తీగ మీద ఏడుస్తూనే ఉంటుంది. కాళ్లు తీసేసి మళ్లీ చేశాం.

రెండోసారి పద్ధతి ఇది. ఎండీఎఫ్ పలక మీద 12 మి.మీ. చెక్క దిమ్మెలు మేకులు కొట్టి, కాళ్లు ఎలా నిలబడాలో అలా దిమ్మెల గాడిలో పెట్టాలి. తీగ కలిసే చోట గరుకు కాగితంతో తళతళలాడేదాకా రుద్ది, కరెంటు వైరులోంచి తీసిన సన్నటి రాగి పోగుతో పక్కపక్కన పన్నెండు చుట్లు చుట్టాలి. రాగి చుట్టు లేకుండా టంకం ఒక్కటే బరువు మోయదు. 100 వాట్ల సోల్డరింగ్ ఐరన్, యాసిడ్ ఫ్లక్స్. ఐరన్‌ను టంకానికి కాదు, తీగకు ఆనించాలి. తీగ వేడెక్కి టంకాన్ని తనే పీల్చుకోవాలి, రాగి పోగుల సందుల్లోకి నీళ్లలా పాకాలి. గుండ్రంగా ముద్దలా కూర్చుంటే అది పట్టలేదన్నట్టే. ఒక అతుకు వేశాక పూర్తిగా చల్లారేదాకా ఆగి, ఎదురు మూల అతుకు వేయాలి. పక్కపక్కవి వరసగా వేస్తే మళ్లీ అదే లాగుడు. అయ్యాక వంటసోడా కలిపిన నీళ్లతో బ్రష్ పెట్టి కడగాలి. యాసిడ్ మిగిలితే వారం లోపే తుప్పు కనిపిస్తుంది.

తయారైన కాళ్ల గూడును ఫార్మర్ మీద పెట్టి, వల అల్లే నైలాన్ దారంతో బిగుతుగా కుట్టి, దారం మీద ఎపాక్సీ పూశాం. కింది నాలుగు కాళ్లూ ఇదే తీరు, ఒంటిని తిరగేసి. ఒంటి అడుగుకూ కింది రెక్కకూ మధ్య దాదాపు 30 మి.మీ. ఖాళీ వస్తుంది.

సరిచూడటానికి దారమే మంచి సాధనం. తోక చివర మధ్యలో ఒక గుండుసూది గుచ్చి, దానికి సాగని దారం కట్టి, ఎడమ కొసకూ కుడి కొసకూ లాగి చూడాలి. రెండు దూరాల మధ్య తేడా ఈసారి 1.5 మి.మీ. వచ్చింది. 1,495 మి.మీ. విస్తారానికి ఇది చాలు.

7–9 వారాలు: రెక్కలు

ఇక్కడ పని ఎక్కువే కానీ కొత్తదేమీ లేదు. ఒక్కో వైపుకు 15 రిబ్‌లు, నాలుగు వైపులకు 60, మధ్య ముక్కలవి వేరు. రెండు అల్యూమినియం మూసల మధ్య బాల్సా ముక్కలు కట్టగా బిగించి ఒకేసారి రాపాడితే అన్నీ ఒకేలా వస్తాయి. అసలు విమానంలాగే ముందొకటి వెనకొకటి రెండు స్పార్‌లు, 8×5 స్ప్రూస్. స్ట్రట్ (రెండు రెక్కల మధ్య నిలువు కర్ర) వచ్చే చోట స్పార్ పక్కన 1.5 ప్లై చెక్కతో గట్టి చేయాలి, లేకపోతే స్ట్రట్ బోల్టు స్పార్‌ను చీలుస్తుంది.

కొస దగ్గర వెనక అంచు కింద 5 మి.మీ. చెక్క పెట్టి కట్టాం. అంటే కొస 1.4 డిగ్రీలు కిందికి తిరిగి ఉంటుంది. వేగం తగ్గినప్పుడు రెక్క కొస ముందు పడిపోకుండా మధ్య భాగం ముందు లొంగాలి, అందుకు. నాలుగు వైపులా ఆ చెక్క ముక్క ఒకటే ఉండాలి, వేర్వేరు ముక్కలు వాడకూడదు.

నాలుగు రెక్కలకూ ఎయిలరాన్లు (విమానాన్ని పక్కకు వంచే పలకలు) ఉన్నాయి. వాటిని కదిపే చిన్న మోటార్లు, అంటే సర్వోలు, రెండే, కింది రెక్కలో. పై ఎయిలరాన్‌ను కిందిదానితో 1.5 మి.మీ. తీగతో కలిపాం. ఎయిలరాన్ కదలిక పైకి 14 మి.మీ., కిందికి 7 మి.మీ. రెండు వైపులా సమానంగా పెడితే ఈ విమానం ఎడమకు వంగుతూ ముక్కు కుడికి తిప్పుతుంది.

ఖాళీ రెక్కలు నాలుగూ కలిపి 300 గ్రాములు, మధ్య ముక్కలు 60.

10వ వారం: తోక

తోక అంచులు 1.5×6 బాల్సా పట్టీలు నాలుగు వేడి నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, అట్ట మూస చుట్టూ ఫెవికాల్‌తో వంచి చేసినవి. ఒకే షీటులోంచి కోస్తే పీచు అడ్డం వచ్చే చోట విరుగుతుంది, బరువూ ఎక్కువ. మొత్తం తోక 62 గ్రాములు. 55కు రావాలనుకున్నాం.

అసలు ఎఫ్.2బీలో టెయిల్‌ప్లేన్ (తోక అడ్డరెక్క) వాలును పైలట్ సీట్లోంచే లివర్‌తో మార్చుకునే ఏర్పాటు ఉంది. నమూనాలో దాన్ని ట్రిమ్‌కు, అంటే తిన్నగా ఎగిరేలా సరిచేయడానికి, వాడుకోవచ్చు. టెయిల్‌ప్లేన్ వెనక స్పార్ దగ్గర చిన్న కీలు, ముందు స్పార్ దగ్గర ఒక 2 మి.మీ. బోల్టు, పైకీ కిందికీ 2 మి.మీ. ఆట. బయట పొలంలో స్క్రూడ్రైవర్‌తో సరిచేసుకోవచ్చు, చెక్క ముక్కలు అతికించే పని ఉండదు. కట్టేటప్పుడు రెక్కల వాలు 1.5 డిగ్రీలు, తోకది సున్నా.

11–13 వారాలు: గుడ్డ, పూత

అసలుదాని మీద ఐరిష్ లినెన్, దాని మీద డోప్ (గుడ్డను బిగించే పూత). మనకు పనికొచ్చింది పలచని పాలిస్టర్ లైనింగ్ గుడ్డ, చదరపు మీటరుకు 30 గ్రాముల లోపు. గుడ్డ అంచులు ఫ్రేముకు అంటించి, ఇస్త్రీ పెట్టెతో ముడతలు లాగేస్తే డప్పులా బిగుస్తుంది. ఇస్త్రీ రెక్క పైనా కిందా మార్చి మార్చి చేయాలి. ఒక వైపే పూర్తి చేస్తే రెక్క మెలితిరుగుతుంది, కష్టపడి పెట్టుకున్న 5 మి.మీ. మెలిక పోతుంది.

డోప్‌కు బదులు ఫర్నిచర్ పాలిష్‌కు వాడే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) క్లియర్ లాకర్, థిన్నర్. లాకర్, థిన్నర్ సగం సగం, మూడు పూతలు. ఉత్త లాకర్ ఆరాక పెళుసుగా ఉంటుంది, ఏడాది తిరిగేసరికి వేలితో నొక్కితే చిట్లుతుంది. 100 మి.లీ. లాకర్‌కు 2 మి.లీ. ఆముదం కలిపితే గుడ్డ సాగుడుకు తట్టుకుంటుంది. పాతకాలపు డోప్‌లలోనూ ఆముదం కలిపేవారు. 3 మి.లీ. దాటితే మాత్రం పూత ఎప్పటికీ జిగటగా ఉండిపోతుంది, మీద టేపు పట్టదు.

వానాకాలం, ముఖ్యంగా కోస్తా జిల్లాల్లో, ఈ పని చేసేటప్పుడు ఒక చిక్కుంది. పూత వేసిన నిమిషానికి అద్దం మీద ఆవిరి పట్టినట్టు గుడ్డంతా తెల్లగా మసకబారుతుంది. థిన్నర్ త్వరగా ఆవిరై ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాల్లో తేమ అక్కడే నీరుగా మారి పూతలో ఇరుక్కుంటుంది. ఆ తెలుపు అందం సమస్య మాత్రమే కాదు, అక్కడ పూతకు బలం లేదు. తేమ 65 శాతం లోపున్న మధ్యాహ్నం పూట వేయాలి, లేదా మెల్లగా ఆరే రిటార్డర్ థిన్నర్ పదో వంతు కలపాలి. తెల్లబడిన చోట మరుసటి రోజు ఉత్త రిటార్డర్ పలచగా కొడితే పూత కరిగి మళ్లీ స్వచ్ఛంగా ఆరుతుంది. రెండు రెక్కలు ఇలాగే బాగుపడ్డాయి.

రిబ్ కుట్లు వదిలేయడానికి మనసు ఒప్పలేదు. దగ్గర నుంచి చూసేవాళ్లకు ఈ విమానం గుడ్డతో కుట్టినదని చెప్పేవి అవే. ఇంజెక్షన్ సిరంజితో 9.5 మి.మీ.కి ఒకటి చొప్పున ఫెవికాల్ చుక్కలు, రిబ్‌కు పైన 20, కింద 20. 60 రిబ్‌లకు 2,400 చుక్కలు. ఆరాక మీద 5 మి.మీ. టిష్యూ కాగితం పట్టీ, లాకర్‌తో. వెలుతురు ఏటవాలుగా పడితే ఒక్కో చుక్కా పట్టీ కింద బియ్యపు గింజలా లేచి కనిపిస్తుంది.

రంగుకు రెండు దారులు. యుద్ధకాలపు పీసీ10, అంటే ఆకుపచ్చ కలిసిన ఖాకీ, ఎండ నుంచి లినెన్‌ను కాపాడటానికి వేసేది. లేదా యుద్ధం తర్వాత ఉష్ణదేశాల్లో వాడిన వెండి రంగు. మేం వెండి రంగు తీసుకున్నాం, భారతదేశంలో ఎగిరిన విమానం కావాలని. ఈ విమానాన్ని యుద్ధంలో మొదట నడిపింది 48వ స్క్వాడ్రన్. అదే స్క్వాడ్రన్ యుద్ధం తర్వాత అప్పటి భారతదేశానికి వచ్చి, 1920 ఏప్రిల్‌లో క్వెట్టాలో 5వ స్క్వాడ్రన్‌గా పేరు మారింది. 20, 28, 31వ స్క్వాడ్రన్లు కూడా వాయవ్య సరిహద్దులో వీటినే నడిపాయి. 20వ స్క్వాడ్రన్ దగ్గర 1932 దాకా ఉన్నాయి.

100 మి.లీ. పలచన లాకర్‌కు 4 గ్రాముల అల్యూమినియం పొడి. 6 గ్రాములు వేస్తే చేతికి అంటుకుంటుంది, పైన క్లియర్ పూత వేసినా ఆగదు. రడ్డర్ (తోక నిలువు చుక్కాని) చారల వరస చూసుకోవాలి. 1930 వరకు కీలు వైపు నీలం, మధ్య తెలుపు, వెనక ఎరుపు. 1930లో తిరగేశారు. 1920ల విమానానికి ఎరుపు ముందు పెడితే తప్పు.

అల్యూమినియం పూత రేడియోకు అడ్డం. రిసీవర్ యాంటెన్నాలు రెండూ పూత లేని చెక్క అడుగు దగ్గర, ఒకదానికొకటి లంబంగా పెట్టాం.

14వ వారం: ముక్కు, ఇంజన్

అసలుదానిలో 275 హార్స్‌పవర్ రోల్స్‌రాయిస్ ఫాల్కన్ 3, నీళ్లతో చల్లబడే వీ-12. ఇందులో 600 కేవీ (వోల్టుకు నిమిషానికి 600 చుట్లు) ఔట్‌రన్నర్ కరెంటు మోటారు, 4 సెల్‌ల 4,000 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ, 60 యాంప్స్ ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం), 14×7 అంగుళాల ప్రొపెల్లర్. బల్ల మీద కట్టి చూస్తే 37 యాంప్స్, 530 వాట్లు. థ్రస్ట్ లైన్ (మోటారు లాగే దిశ) 2 డిగ్రీలు కిందికి, 2 డిగ్రీలు కుడికి.

రేడియేటర్ షట్టర్లు 0.8 ప్లై పట్టీలతో, నిజంగా తెరుచుకునేలా చేశాం. గాలి లోపలికి వచ్చే దారి 18 చదరపు సెం.మీ. అయితే బయటికి పోయే దారి కనీసం 30 ఉండాలి. అది కౌలింగ్ (ఇంజన్ మూత) అడుగున వెనక అంచులో ఉండాలి. మొదట సమానంగా పెట్టాం, మూడు నిమిషాల ఫుల్ త్రాటిల్‌కే ఈఎస్‌సీ చేయి పెట్టలేనంత వేడెక్కింది. వేడెక్కిన గాలికి పోయే దారి లేకపోతే చల్లగాలి లోపలికి రానే రాదు.

15వ వారం: తుపాకులు

ఇక్కడే చేయి అదుపులో ఉండాలి. వెనక సీటు బ్యాలెన్స్ పాయింటు వెనక ఉంది, అక్కడ పెట్టే ప్రతి గ్రామూ ముక్కులో సీసం అడుగుతుంది. గన్నర్ తుపాకీ తిరిగే స్కార్ఫ్ రింగు 0.8 ప్లై పట్టీలు మూడు గుండ్రంగా చుట్టి అతికించింది, లూయిస్ గన్ గొట్టం చుట్టిన కాగితం, 97 తూటాల డ్రమ్ము బాల్సా బిళ్ల మీద కాగితపు గీతలు. ముందు వికర్స్ గన్ ఇంజన్ కౌలింగ్ కింద, ఇంధన ట్యాంకులోని సొరంగంలో దాగి ఉంటుంది. బయటికి కనిపించేది రేడియేటర్ పైన ఉన్న బెజ్జమే. రింగు, తుపాకులు, ఇద్దరు థర్మాకోల్ మనుషులు, అన్నీ కలిపి 55 గ్రాములు.

ఆ బెజ్జం చాలామంది మరిచిపోతారు, మరిచిపోకూడనిది అదే. 1917 ఏప్రిల్ 5న విలియం లీఫ్ రాబిన్సన్ వెంట 48వ స్క్వాడ్రన్‌కు చెందిన ఆరు ఎఫ్.2ఏలు మొదటిసారి యుద్ధానికి వెళ్లాయి. జర్మన్ పైలట్ రిచ్‌తోఫెన్ నాయకత్వంలో ఐదు ఆల్బట్రాస్ ఫైటర్లు ఎదురయ్యాయి. గుంపుగా ఉండి వెనక గన్నర్ల కాల్పుల మీద ఆధారపడ్డారు, నాలుగు విమానాలు పోయాయి. ఆ తర్వాత దీన్ని ఒంటి సీటు ఫైటర్‌లా, ముందు తుపాకీయే ప్రధానంగా తిప్పడం నేర్చుకున్నారు. అప్పటి నుంచే అది ఎదుటివాళ్లు భయపడే విమానమైంది.

16–17 వారాలు: రిగ్గింగ్

అసలువి ఆకు ఆకారపు ఉక్కు రాఫ్‌వైర్లు. నమూనాలో 0.5 మి.మీ. నైలాన్ తొడుగు ఉన్న ఉక్కు ఫిషింగ్ ట్రేస్, రాగి గొట్టం క్రింపులు. బరువు మోయనివి వెండి రంగు సాగే దారం.

వరస మారకూడదు. ముందు ల్యాండింగ్ తీగలు, పైనుంచి లోపల మొదలై కింద బయటికి వెళ్లేవి. వాటితో 3.5 డిగ్రీల డైహెడ్రల్ కుదిరాకే ఫ్లయింగ్ తీగలు, ఎగిరేటప్పుడు రెక్క పైకి వంగకుండా పట్టేవి. చివర ఇన్సిడెన్స్ తీగలు, ముందు వెనక స్ట్రట్‌ల మధ్య అడ్డంగా వెళ్లేవి. లోపలి బే (స్ట్రట్ల మధ్య గడి) పూర్తయ్యాకే బయటి బే. తీగను మీటితే మంద్రంగా మోగాలి. సన్నగా కంయ్‌మంటే ఎక్కువ బిగించినట్టు, స్పార్ విల్లులా వంగుతుంది, దాంతో మెలిక మారుతుంది. కుడి బయటి బేలో అదే జరిగింది. ఇన్సిడెన్స్ మీటర్ (రెక్క వాలు కొలిచేది) పెట్టి చూస్తే కొస మెలిక 1.4 నుంచి అర డిగ్రీకి పడిపోయింది. ఫ్లయింగ్ తీగ ఒకటిన్నర చుట్టు వదులు చేస్తే తిరిగి వచ్చింది.

18వ వారం: తూకం

ఇరుసును సాగే తాడుతో కట్టాం, అసలుదానిలాగే. తోక స్కిడ్ కింద ఉక్కు పట్టీ, మన గ్రావెల్ నేల మీద ఉత్త చెక్క పది ల్యాండింగ్‌లకు అరిగిపోతుంది.

బ్యాలెన్స్ పాయింటు లెక్క: రెండు రెక్కలూ ఒకే సైజు కాబట్టి సగటు ముందు అంచు స్టాగర్‌లో సగం వెనక, 27 మి.మీ. దానికి 210లో 25 శాతం, 53 కలిపితే పై రెక్క ముందు అంచు నుంచి 80 మి.మీ. బ్యాటరీతో సహా 2,237 గ్రాములు తూగింది, కానీ పాయింటు 90 దగ్గర ఉంది. రేడియేటర్ వెనక 95 గ్రాముల సీసం పెట్టాల్సి వచ్చింది. మొత్తం 2,332. తోక 55కు వచ్చి ఉంటే 18 గ్రాముల సీసం మిగిలేది.

19వ వారం: ఎగరడం

డిజిటల్ స్కై మ్యాపులో (డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ మ్యాపులో) గ్రీన్ జోన్ అని చూసుకున్న చోటు, ఎత్తు 400 అడుగుల లోపు. గాలి గంటకు 8 కి.మీ., ఎదురుగా. ట్రాన్స్‌మిటర్ శక్తి తగ్గించి 30 అడుగులు నడిచి రేంజ్ పరీక్ష, మోటారు ఆపి ఒకసారి, నడిపి ఒకసారి.

త్రాటిల్ మూడు సెకన్ల వ్యవధిలో మెల్లగా పెంచాలి. ఒక్కసారి తోస్తే ఎడమకు ఈడుస్తుంది. 25 మీటర్లలో లేచింది. ముక్కు కొద్దిగా బరువుగా ఉంది, ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) పైకి 3 మి.మీ. పట్టుకుని ఉండాల్సి వచ్చింది. మలుపులకు రడ్డర్ ముందు, ఎయిలరాన్ తర్వాత. ఎయిలరాన్ ఒక్కదానితో తిప్పితే తోక జారుతూ పోతుంది. సగం త్రాటిల్ దగ్గర ఎత్తు మారకుండా నిలిచింది. ఆ నడకలో పక్క నుంచి వెళ్లినప్పుడు రెక్కకూ ఒంటికీ మధ్యలోంచి ఆకాశం గీతలా కనిపించింది.

దిగేటప్పుడు త్రాటిల్ మూయకూడదు. ఇన్ని తీగలూ స్ట్రట్‌లూ గాలిని పట్టి ఆపుతాయి, మోటారు ఆగగానే వేగం రాయి పడ్డట్టు పోతుంది. మొదటి ల్యాండింగ్‌లో మీటరు ఎత్తున త్రాటిల్ మూస్తే దబ్బున పడింది. కాళ్ల దగ్గర కుట్టు దారం కదల్లేదు, టంకం అతుకులు కదల్లేదు. ఇరుసు తాడు ఒకటి తెగింది. రెండోసారి పావు త్రాటిల్‌తో నేల తాకేదాకా తెచ్చి అప్పుడు మూస్తే మెత్తగా దిగింది. ఏడు నిమిషాలకు 2,700 ఎంఏహెచ్ ఖర్చు.

రెండు విమానయానాల తర్వాత 40 గ్రాముల సీసం తీసేశాం. పాయింటు 84కు వచ్చింది, బరువు 2,292. టెయిల్‌ప్లేన్ ముందు బోల్టు ముప్పావు చుట్టు కిందికి. మూడోసారి ఎలివేటర్ సున్నా దగ్గరే ఉంచి సగం త్రాటిల్‌లో తిన్నగా పోయింది.

దారం పెట్టి మళ్లీ కొలిస్తే తోక నుంచి కొసల దూరాల్లో తేడా 2 మి.మీ. ఎడమ లోపలి ల్యాండింగ్ తీగ క్రింపు అర మిల్లీమీటరు జారింది. నాలుగోసారికి ముందు ఆ తీగ ఒక్కటి మార్చి, ఇన్సిడెన్స్ మీటర్‌తో ఎనిమిది చోట్ల మళ్లీ కొలవాలి.